రేపో మాపో

ఊరందరి పెండ్లిండ్లకూ వెలుగిచ్చే మనిషికి తన పెండ్లి కాకపోవడం కంటే పెద్ద ఎగతాళి ఇంకొకటి ఉండదు. సూళగిరి చుట్టుపక్కల ఇరవై ఏండ్లుగా ఏ పెండ్లి ఊరేగింపు చూసినా ముందర వెంకటేశులు పెట్రోమాక్స్ లైట్లే. పెండ్లికొడుకు మొకం మీద పడే కాంతి వెంకటేశులుది. పెండ్లికూతురు ముక్కుపుడకలో మెరిసే మెరుపు వెంకటేశులుది. పెండ్లి మాత్రం ఎప్పుడూ ఇంకొకరిది. తాను పక్కన చీకట్లో నడుస్తా, ఏ లైటు సన్నగిల్లితే దానికి గాలి కొడతా, ఎవరి మెడలోని పూలదండ వాసనో పీల్చుకుంటా పోయేవాడు.

ఆరో తరగతిలో బడి మానేసి నాయన అంగట్లో లైటు గాజులు తుడవడానికి కూర్చున్నాడు. నాయన పోయినాక ఆ అంగడినే కట్టుకున్నాడు. ఇప్పుడు నలభై నాలుగేండ్లు. కాలం తొంభై ఏడు. ఊరూరికీ జనరేటర్లు వచ్చినాయి, ట్యూబులైట్ల తోరణాలు వచ్చినాయి. "వెలుగు కావాలనేవాళ్ళు పోయినారు, గోల కావాలనేవాళ్ళు వచ్చినారు" అని వెంకటేశులు కనపడినవాళ్ళకంతా చెప్పేవాడు. కనపడేవాళ్ళు కూడా తగ్గిపోయినారు. లైట్లు అంగట్లో గోడవారగా, గుడ్డలు కప్పుకుని, పేరంటానికి పిలుపు రాని ముత్తైదువల్లాగా కూర్చుని ఉండేవి.

సంబంధాలు రాలేదని కాదు. వచ్చినవాటిని ఆయప్ప నోరే తరిమేసింది. ఒక ఇంట్లో కాఫీ తాగి, "దీంట్లో పాలు పోసినారా, దూరం నుంచి చూపించినారా?" అన్నాడు. ఇంకో ఇంట్లో పెండ్లికూతురి మేనమామ, బడి పంతులు, "ఏం చదివినావప్పా?" అని అడిగితే, "మీలాంటోళ్ళ చేతిలో పడకూడదని తెలుసుకునేంత వరకూ చదివినా" అన్నాడు. వాళ్ళ అక్క రామలక్ష్మమ్మ, పక్క వీధిలోనే కాపురం, ప్రతిసారీ నెత్తి కొట్టుకునేది. "నోట్లో వేపపుల్లతోనే పుట్టినావు కదరా! దాన్ని ఒకసారన్నా ఉమ్మేయి!"

ఆ ఎండాకాలంలో రామలక్ష్మమ్మ కడాసారిగా ఒక సంబంధం పట్టుకొచ్చింది. హోసూరులో అంజనమ్మ అని ఆమెకు తెలిసినామె, రెండు గదులు బాడిగకిస్తుంది. అందులో ఒకదాంట్లో నాగవేణి ఉంటుంది. తెనాలి పక్క మనిషి. మొగుడు పోయి పదేండ్లయింది, పిల్లల్లేరు, బిస్కట్ల కంపెనీలో ప్యాకింగు పని. వయసు ముప్పై ఎనిమిది.

"ఈసారి కాఫీ తాగు, తల ఊపు, లేచి రా. అంతే" అని బస్సులోనే ఒట్టు వేయించుకుంది అక్క.

ఆదివారం సాయంత్రం. నాగవేణి అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. గదంతా వేగిన చక్కెర వాసన. వెంకటేశులు కాఫీ తాగినాడు, తల ఊపినాడు. అంజనమ్మ మాట్లాడింది, రామలక్ష్మమ్మ మాట్లాడింది, గోడ మీద క్యాలెండరు టపటపమని అదీ కొంచెం మాట్లాడింది. పెండ్లికొడుకు మాత్రం నోరు తెరవలేదు. నాగవేణికి జాలేసినట్టుంది.

"మీ ఊళ్ళో చూడ్డానికి ఏమున్నాయండీ?" అని అడిగింది.

అక్క మోచేత్తో పొడిచే లోపలే వెంకటేశులు నోరు తెరుచుకుంది.

"కోట ఉంది. గూబలకొండ మీద. యా కాలంలోనో పాళెగాళ్ళు కట్టినారు. సగం దానంతట అదే కూలిపోయింది. మిగిలిన సగం మావోళ్ళు మోసుకపోయి ఆవులకొట్టాలు కట్టుకున్నారు. మా ఊర్లో ఆవులకుండే దర్జా రాజులక్కూడా లేదు."

నాగవేణి పకపకా నవ్వింది.

వెంకటేశులు ఉలిక్కిపడినాడు. ఆయప్ప మాటకి జనం మొకం చిట్లించడం తెలుసు, లేచిపోవడం తెలుసు. నవ్వడం ఇదే మొదలు. నిజంగానే నవ్విందా, పొరబోయిందా అని ఒక చూపు చూసి, ధైర్యం తెచ్చుకున్నాడు.

"పగలు పోతే ఏమీ లేదు. రాళ్ళు, మేకలు. రాత్రి పోవాల. చిన్నప్పుడు మా నాయన ఒకసారి తీసకపోయినాడు. పగలు అది రాళ్ళగుట్ట. రాత్రయితేనే అది కోట."

"అబ్బ! అయితే రేపో మాపో వచ్చి చూడాల్సిందేనండీ" అంది నాగవేణి.

అంతే. వచ్చేటప్పుడు బస్సులో వెంకటేశులు కిటికీ పక్కన కూర్చున్నాడు. పేరండపల్లి దాటినాక మెల్లిగా అన్నాడు.

"అక్కా, రేపు మాపు వస్తానంది."

"నేనూ విన్నా. రేపు సోమవారం, వాళ్ళ కంపెనీకి వారానికొక సెలవు ఆ పొద్దేనంట."

"రేపోఓ, మాపోఓ అని సాగదీసింది గదా?"

"కోస్తా వాళ్ళు అంతేరా. ఏ మాటకైనా ఒక తోక తగిలిస్తే గానీ వాళ్ళకి తృప్తి ఉండదు."

ఈ పక్క మాపు అంటే రాత్రి. మాపు కూడు అంటే రాత్రి తినే కూడు. రేపు మాపు అంటే రేపటి రాత్రి. ఆ రెండు మాటలకీ ఇంకో అర్థం ఉండొచ్చని హోసూరు నుంచి అంచెట్టి దాకా ఎవర్ని లేపి అడిగినా తెలియదంటారు. కాబట్టి అక్కా తమ్ముళ్ళిద్దరికీ ఏ అనుమానమూ రాలేదు. ఒక ఆడమనిషి, తన సెలవు రోజు చూసుకుని, తానే నోరు తెరిచి, రేపు రాత్రి మీ కోట చూడడానికి వస్తానంది. కోటను చూడడానికి పాతిక కిలోమీటర్లు బస్సెక్కి ఎవరొస్తారు? మనిషిని చూడడానికే. ఈసారి కాఫీ అడ్డం లేకుండా.

ఇంటికొచ్చి క్యాలెండరు చూస్తే రేపు అమావాస్య.

"మంచిదే గదరా" అంది రామలక్ష్మమ్మ. అరవ దేశంలో బతికే తెలుగోళ్ళకి అమావాస్య అంటే నిండు రోజు, కొత్త అంగడి కూడా ఆ రోజే తెరుస్తారు. "తిథి చూసుకునే చెప్పినట్టుంది. తెలివైన మనిషి."

"తిథి మంచిదే అక్కా. వెన్నెల యాడుంది? కటిక చీకట్లో ఏం చూపించేది, నా మొకమా?"

"నీ మొకం చూడకపోతేనే మంచిది" అని అక్క నవ్వుకుంటా పోయింది.

వెంకటేశులు అంగట్లో నిలబడి ఆలోచిస్తా ఉంటే గోడవారగా కూర్చున్న లైట్లు కనపడినాయి. ఒక్కొక్కదాని మీది గుడ్డ తీసినాడు. తెల్లారేదాకా గాజులు తుడిచినాడు.

సోమవారం పొద్దున కాళమ్మను వెతుక్కుంటా మామిడి తోపుకి పోయినాడు. కాళమ్మ ఊరేగింపుల్లో నెత్తిన లైటు మోసే ఆడవాళ్ళకి పెద్ద. ఆమె చెప్తే ఎనిమిదిమంది వస్తారు, ఆమె వద్దంటే దేవుడి ఊరేగింపు కూడా చీకట్లోనే. పెండ్లిండ్లలో ఆ పని పోయినాక అందరూ కాయలు కోసే కూలికి పోతున్నారు.

"ఈ పొద్దు మాపు లైట్లు మోయాల" అన్నాడు.

"ఎవరి పెండ్లప్పా?"

"ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కాని పెండ్లికి లైట్లెందుకు? యాడికి?"

"గూబలకొండ మీదికి."

కాళమ్మ చేతిలో బుట్ట కింద పెట్టింది. "గూబలకి పెండ్లా?"

దాచి లాభం లేదని విషయం చెప్పినాడు. కాళమ్మ చెట్టు మీదున్న ఆడవాళ్ళకి వినపడేట్టు కేక వేసింది. "ఓ పుట్టమ్మా! అందరూ దిగండి! మన వెంకటేశులన్నని చూడ్డానికి ఒక ఆడమనిషి తనంతట తానే కొండెక్కతా ఉందంట!" చెట్ల మీద నుంచి నవ్వులు కాయలకంటే ముందు రాలినాయి.

"కూలి ఎంతో చెప్పు" అన్నాడు వెంకటేశులు, చెవులు ఎర్రగా అయిపోయి.

"కూలా? ఆమె నిన్ను వెలుగులో చూసి అవునంటుందో, పారిపోతుందో చూడ్డానికి మేమే నీకు టిక్కెట్టు ఇచ్చుకోవాల."

పొద్దు వాలుతుండగా కొండెక్కినారు. రామలక్ష్మమ్మను కింద బస్సు స్టాపులో నిలబెట్టినాడు, వచ్చిన మనిషికి దారి చూపడానికి. ఆడవాళ్ళు చుట్టకుదుర్ల మీద వెలిగించని లైట్లు పెట్టుకుని ఒకరి వెనక ఒకరు నడిచినారు. కిందే వెలిగించి తీసకపోదాం, ఎక్కే దారి కనపడుతుంది గదా అంది పుట్టమ్మ. వెంకటేశులు ఒప్పుకోలేదు. లైటులో కట్టే గుడ్డ సంచీని మాంటిల్ అంటారు. ఒకసారి వెలిగినాక అది బూడిదై, బూడిదగానే వెలుగునిస్తుంది. చిన్న కుదుపు తగిలినా రాలిపోతుంది. ఆ రాళ్ళదారిలో వెలిగించి మోస్తే పైకి చేరేటప్పటికి ఒక్కటీ మిగలదు. అందుకని కొత్త మాంటిళ్ళు చొక్కా జేబులో పెట్టుకున్నాడు, గుండెకాయ పక్కన. అది తెల్లచొక్కా, ఆ పొద్దే కొన్నది.

కూలిన వాకిలి దాటినారు. అంతదాకా మాట్లాడుకుంటా వచ్చిన ఆడవాళ్ళు గోడల మధ్యకి రాగానే గొంతు తగ్గించినారు. రాతి మంటపం, కప్పు లేని ధాన్యం కొట్టు, మందుగుండు దాచిన గుడ్డి గది, దాని పక్కన బండలో నీళ్ళు నిలిచిన దొన. అన్నీ చీకట్లో కలిసిపోతున్నాయి. వెంకటేశులు ఒక్కొక్క లైటుకీ మాంటిల్ కట్టి, స్పిరిట్ పోసి అంటించి, గాలి కొట్టినాడు. మొదట నీలం మంట, తర్వాత ఎర్ర మంట, తర్వాత సుయ్యిమని ఒక ఊపిరి, అంతే, గోడ లేచి నిలబడింది. గూబ ఒకటి ముక్కు మీద వేలేసుకున్నట్టు చూసి ఎగిరిపోయింది. లైట్లను గోడల గూళ్ళలో పెట్టినారు, మంటపం మెట్ల మీద పెట్టినారు, ఒకటి దొన గట్టున పెట్టినారు. నీళ్ళలో ఇంకో లైటు వెలిగింది.

కాళమ్మ చుట్టూ చూసి, "అయ్యో నా సామీ" అంది.  ఆమె నోటికి అది చానా తక్కువ.

కింద హైవే మీద బస్సులు పోతున్నాయి. కృష్ణగిరి నుంచి వచ్చేవి, హోసూరు నుంచి వచ్చేవి. హోసూరు బస్సు ఒకటి ఆగింది. వెంకటేశులు చొక్కా సర్దుకున్నాడు, కిరసనాయిలు చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఎవరూ రాలేదు. ఇంకొకటి ఆగింది. ఇంకొకటి ఆగకుండానే పోయింది. మొదట్లో ఆడవాళ్ళు ఎగతాళి చేసినారు. "ఆమె పూలు కట్టుకుంటా ఉంటుందిలేన్నా", "కాదే, పారిపోయే దారి చూసిపెట్టుకుంటా ఉంటుంది." కొంతసేపటికి ఎగతాళి ఆపినారు. అదే ఆయప్పకి ఎక్కువ బాధగా తోచింది.

ఇట్లాంటి నమ్మకం పెట్టుకున్నందుకు తనని తానే తిట్టుకున్నాడు. నవ్వింది. నవ్వితే ఏమి? కోతిని చూసి నవ్వరా? కోతి ఇంటికొచ్చి క్యాలెండరు చూసుకుంటుందా? కొత్త చొక్కా కొంటుందా?

"ఆర్పేయండి" అన్నాడు.

ఎవరూ కదలలేదు.

"ఆర్పండి అంటా ఉంటే! కొండ దిగి పోండి, ఇంటికాడ మొగోళ్ళు కూటికోసరం చూస్తా ఉంటారు."

"చూడనీ" అంది కాళమ్మ. "వెలిగించింది నువ్వు, మోసుకొచ్చింది మేము. ఆర్పమనడానికి నువ్వొక్కడివేనా పెద్ద? ఆమె రాకపోతే పోనీ. మేము రాలేదా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈ కొండ కింద కాయలు కోస్తా ఉండాము, ఒక్క మొగోడన్నా మమ్మల్ని ఈడికి తీసుకొచ్చినాడా? ఈ పొద్దు మేము చూస్తాము. రాండే!"

గూట్లోని లైటు తీసుకుని మంటపం వెనక గోడ పక్కకి పోయింది. తక్కిన ఆడవాళ్ళూ పోయినారు. ఆ గోడకు ఏమీ లేదని వెంకటేశులుకు తెలుసు. చిన్నప్పటి నుంచి పగలు వందసార్లు చూసినాడు. బోడి గోడ, గొర్రెల కాపర్లు వీపు ఆనించుకునే గోడ.

"అన్నా! ఇట్లా రా!"

పోయినాడు. కాళమ్మ లైటును గోడకు ఆనించినట్టుగా, పక్క నుంచి పట్టుకుని ఉంది. పక్క నుంచి పడిన వెలుగులో అరిగిపోయిన రాయి మీద నీడలు లేచినాయి. నీడలకు నడుములు వచ్చినాయి, చేతులు వచ్చినాయి. వరసగా ఆడవాళ్ళు. ఒకరి వెనక ఒకరు. ఒక్కొక్కరి నెత్తి మీదా ఏదో గుండ్రంగా, ఒక చెయ్యి దాన్ని పట్టుకుని. కాళమ్మ లైటు కొంచెం జరిపితే వాళ్ళూ కొంచెం జరిగినారు.

"మేమే!" అంది పుట్టమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"మేము కాదే, మా అవ్వ" అంది కాళమ్మ. "చూడు, ఆ మూడో ఆమె చెయ్యి నడుము మీద పెట్టుకుంది. మా అవ్వ అట్లే పెట్టుకునేది. పెండ్లికొడుకు నడవడం ఆలస్యం చేస్తే."

"నెత్తిన ఉండేది దీపమా, కుండా?" అన్నాడు వెంకటేశులు.

"కళ్ళు యాడ పెట్టుకున్నావు? కుండకి అట్లా చెయ్యి పెడతారా? దీపమే!"

వెంకటేశులు గోడను వేళ్ళతో తడిమినాడు. పగలు వేళ్ళకి కూడా తగలనివి ఇప్పుడు తగులుతున్నాయి. నాయన ఆ రాత్రి ఇది చూసినాడా? చూడలేదేమో, ఆ రాత్రి వెన్నెల పైనుంచి పడింది. వెన్నెల రాత్రి వచ్చి ఉంటే ఈ పొద్దు కూడా ఎవరికీ కనపడి ఉండదు. ఆ మాట తట్టగానే ఆయప్పకు నవ్వొచ్చింది. ఎందుకో ఆపుకోలేదు.

"ఓయప్పా!" అంది కాళమ్మ, లైటు ఆయప్ప మొకానికి దగ్గరగా తెచ్చి. "మా వెంకటేశులన్నకి పండ్లు కూడా ఉండాయే! ఇరవై ఏండ్లలో చూడలేదు!"

అందరూ నవ్వుతా ఉండగానే కింద నుంచి కేక వినపడింది. "ఒరే వెంకటేశా! ఒరే మొండోడా! లైటు ఒకటి పట్టుకుని కిందికి రారా, సగం దారిలో చస్తా ఉండాము!"

అక్క గొంతు. ఆ గొంతు వెనక ఇంకో ఆడగొంతు నవ్వతా, దగ్గుతా, మళ్ళీ నవ్వతా వస్తా ఉంది.

పైకి వచ్చేటప్పటికి ముగ్గురికీ ఊపిరి ఆడడం లేదు. రామలక్ష్మమ్మ, ఆమె వెనక అంజనమ్మ, ఆమె భుజం పట్టుకుని నాగవేణి. ఇంట్లో కట్టుకునే పాత చీర, కాళ్ళకు హవాయి చెప్పులు. వాకిట్లోకి వచ్చి నిలబడి, లైట్లన్నీ చూసి, నవ్వు ఆపేసింది.

"ఎంతసేపు చూసేదని ఫోన్ బూతుకి పోయి అంజనమ్మకి ఫోన్ చేసినా" అంది రామలక్ష్మమ్మ. "అడిగితే, ఆమె యాడికీ పోలేదు, అన్నం వండతా ఉంది అనింది. నాకు ఒళ్ళు మండిపోయింది."

"నేను పోయి అడిగినా" అంది అంజనమ్మ. "ఏమమ్మా, రేపు మాపు వస్తానని చెప్పి ఈడ వంకాయలు తరుగుతా ఉండావే, ఆడ ఆయప్ప కొండంతా దీపాలు పెట్టుకుని కూర్చున్నాడంట అంటే, కత్తిపీట వదిలేసి నవ్వడమే నవ్వడం!"

వెంకటేశులు నాగవేణి వైపు చూసినాడు. "ఎందుకు నవ్వినారు?"

నాగవేణి కొంగుతో మొకం తుడుచుకుంది. "కోప్పడకండి. నేనన్నది రేపో మాపో అనండీ. మా పక్క రేపో మాపో అంటే రేపు రాత్రని కాదు. అంటే... ఎప్పుడో ఒకప్పుడు అని."

"ఎప్పుడో ఒకప్పుడు అంటే ఎప్పుడు?"

నాగవేణి చెప్పుల వైపు చూసుకుంది.

"రాననేగా?" అన్నాడు వెంకటేశులు.

రామలక్ష్మమ్మ వెనక నుంచి నోరు మూసుకోమని చేత్తో సైగ చేస్తా ఉంది. నాగవేణి తల ఎత్తింది.

"అవునండీ. రాననే. అబద్ధం ఎందుకు? పొద్దున అంజనమ్మగారితో, కాదని చెప్పేయండి అని కూడా అన్నాను, చెప్పడానికి ఆవిడకే నోరు రాలేదు."

  ఇప్పుడు ఈయప్ప నోట్లో నుంచి ఏం వస్తుందో కాళమ్మకు తెలుసు, అక్కకు తెలుసు, కొండకు కూడా తెలిసినట్టుంది. ఆయప్పకు కూడా అది నాలుక మీదికి వచ్చేసింది, మంచి కారంగా, ఇరవై ఏండ్లు ఊరబెట్టిన మాట. అది అంటే అయిపోతుంది. ఆమె దిగిపోతుంది, తాను లైట్లు ఆర్పుకుని పోయి పండుకుంటాడు, రేపటి నుంచి అందరికీ చెప్పుకోవడానికి ఇంకో కథ ఉంటుంది. గోడ వైపు చూసినాడు, దాని పక్కన పుట్టమ్మ లైటు ఇంకా వెలుగుతా ఉంది. ఆ మూడో ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఇంకా ఎంతసేపప్పా అన్నట్టు నిలబడి ఉంది.

"రాను అనడానికి ఇంత తియ్యని మాట ఉందా మీ ఊర్లో?" అన్నాడు. "మా పక్క రాను అంటే రాను అనే అంటారు. ఒక రాయి కూడా విసురుతారు."

నాగవేణి మొకం విచ్చుకుంది. "మావాళ్ళు కాదనలేరండీ! మా మేనమామ మా అమ్మకి గాజులు రేపో మాపో తెస్తానని అంటూనే పోయాడు. మా అమ్మ పాపం ప్రతి రాత్రీ వాకిట్లో కూర్చునేది... అమ్మో! ఆవిడ మీ ఊరి మనిషేమో!"

ఈసారి అందరూ నవ్వినారు. వెంకటేశులు కూడా.

"మరి రాననుకున్న మనిషి ఎందుకొచ్చినారు?"

"ఊరికే నవ్వుతూ బస్సెక్కేశానండీ. మీకు నా మొహం చూపించి, తప్పయిందని చెప్పి వెళ్ళిపోదామని. అదీ అమావాస్య రాత్రి! మా ఊళ్ళో అమావాస్య రోజు గుమ్మం దాటనివ్వరు. సూళగిరి వస్తుండగా బస్సులో అందరూ కిటికీల్లోకి వంగారు. డ్రైవరు కూడా బస్సు నెమ్మది చేశాడు. ఆకాశంలో ఏదో ఇల్లు ఉన్నట్టుంది. అది నా కోసమని చెప్పుకోవాలనిపించింది. చెప్పుకున్నాను కూడా, పక్కనామెతో."

 దొన గట్టున లైటు ఒకటి సన్నగిల్లితే వెంకటేశులు ప్రాణం లేచొచ్చినట్టు దాని దగ్గరికి పోయి గాలి కొట్టబోయినాడు.

"నేను కొట్టనా?" అని నాగవేణి వచ్చి కూర్చుంది.

"మెల్లిగా."

ఆమె ప్యాకింగు మెషీను తొక్కినట్టు బలంగా కొట్టింది. లైటు గట్టు మీదే ఎగిరి దబ్బుమనింది. మాంటిల్ బూడిదై రాలిపోయింది. నాగవేణి చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేసినారు.

"ఏం కాదు" అన్నాడు వెంకటేశులు. "కొత్తది కట్టుకుంటే సరి."

"ఏమీ కాదా!" అంది కాళమ్మ, గొంతు చించుకుని. "ఓ పుట్టమ్మా, విన్నావా? నీ చేతిలో మాంటిల్ పోయినప్పుడు మీ నాలుగు తరాలోళ్ళని లేపి తిట్టినాడే ఈయప్ప! ఆరోజు నువ్వు ఏడిస్తే ఏడుపుకి కూడా తిట్టినాడు! ఈ పొద్దు ఏం కాదంట! కొత్తది కట్టుకుంటే సరంట!"

"నీ పని నువ్వు చూసుకోవే" అన్నాడు, జేబులో నుంచి మాంటిల్ తీస్తా. దారం ముడి వేయడానికి రాలేదు. ఇరవై ఏండ్లుగా కళ్ళు మూసుకుని వేసిన ముడి. నాగవేణి వేలు పెట్టి పట్టుకుంటే పడింది.

తర్వాత కోటంతా చూపించినాడు. ధాన్యం కొట్టు చూపించి, "ఈడ రాగులు దాచినారు, ఎలుకలు కూడా రాజుకి అర్జీ పెట్టుకునే లోపలికి వచ్చేవంట" అన్నాడు. గుడ్డి గది చూపించి, ఇందులో అరిచి చెప్పిన రహస్యం బయటికి రాదన్నాడు. కాళమ్మ లోపలికి పోయి, "వెంకటేశులన్న చొక్కా కొత్తది!" అని అరిచింది. కొండ అవతల దాకా వినపడింది. వెనక గోడ దగ్గర నాగవేణి లైటు తానే పట్టుకుని, పైకి కిందికి జరిపి చూసి, "కుండలండీ, నీళ్ళకు వెళ్తున్నారు" అంది. ఆ మాటకి కాళమ్మకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "ఏమమ్మా, కొత్తగా వచ్చి మా అవ్వ చేతిలో కుండ పెడతావా!" అని పెద్ద తగువు వేసుకుంది. పెండ్లి కాకముందే ఇంటికోడలితో వేసుకునే తగువులాగా ఉంది అది. రామలక్ష్మమ్మ మాత్రం మంటపం మెట్ల మీద కూర్చుని కాళ్ళు పిసుక్కుంటా తృప్తిగా వింటా ఉండింది.

హోసూరు బస్సు టయానికి దిగడం మొదలుపెట్టినారు. ఇక మాంటిళ్ళు రాలిపోతే రాలిపోనీ అని వెంకటేశులే అన్నాడు. ఆడవాళ్ళు వెలిగే లైట్లను నెత్తిన పెట్టుకున్నారు. ఆయప్ప అలవాటుగా పక్కకు, చీకట్లోకి తప్పుకుంటే కాళమ్మ భుజం పట్టి మధ్యలోకి నెట్టింది. "ఈడ నడువప్పా. గాలి మేము కొట్టుకుంటాము." ముందర నాలుగు లైట్లు, వెనక నాలుగు. వెలుగు మొకం మీద పడితే కళ్ళు చికిలించాల్సి వచ్చింది. పెండ్లికొడుకులంతా మొకం అట్లా ఎందుకు పెట్టేవాళ్ళో ఇన్నాళ్ళకి తెలిసింది. అది గర్వం కాదు పాపం, కంటికి ఏమీ కనపడకపోవడం.

బస్సు వచ్చింది. కండక్టరు అరవంలో, "ఎన్నప్పా, యారుక్కు కల్యాణం?" అని అడిగినాడు, ఎవరికి పెండ్లి అని.  అంజనమ్మ ఎక్కింది. నాగవేణి ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

"మరి..." అన్నాడు వెంకటేశులు.  నోట్లో వేపపుల్ల యాడ పోయిందో, దాంతోపాటు నాలుక కూడా పోయినట్టుంది.

"చెప్తానండీ" అంది నాగవేణి. "రేపు మాపు చెప్తాను."

కండక్టరు విజిల్ ఊదినాడు. బస్సు కదిలింది. వెంకటేశులు పంచె ఎగగట్టి పక్కనే పరుగెత్తినాడు.

"మీ మాపా? మా మాపా?"

నాగవేణి కిటికీలో నుంచి తల బయటపెట్టింది. లైట్ల వెలుగు పడి ముక్కుపుడక తళుక్కుమంది.

"మీ మాపే!"